ఆపడం తేలిక, ఆగిన చోటికి తిరిగి రావడమే కష్టం
(మోగల్లు నుంచి చర్లపల్లి దాకా ఒక అంతరాయ చరిత్ర)

గోదావరికి వరద వస్తే ధవళేశ్వరం దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు ఉంటాయని మా ఉభయ గోదావరి జిల్లాల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటిది, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. ఈ అంకెల వెనుక ఒక పాత వివేకం ఉంది. నది పెరిగిన ప్రతిసారీ ఊరంతా పనులు మానుకొని గట్టెక్కితే కడుపు నిండదు. ఎంత పెరిగినా పట్టించుకోకపోతే ప్రాణం నిలవదు. అందుకని ఏ కబురుకు ఏ పని ఆపాలో, ఏ పని ఆపనక్కరలేదో ముందే నిర్ణయించి పెట్టుకున్నారు. 1986 ఆగస్టులో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆపడానికి మిగిలిన పని ఏదీ లేకపోయింది. అది వేరే కథ.

కంప్యూటర్ల చరిత్రలో సరిగ్గా ఇదే వివేకానికి ఇంటరప్ట్ అని పేరు. తెలుగులో అంతరాయం అందాం. మామూలుగా అంతరాయం అంటే మనకు విసుగు. యంత్రానికి మాత్రం అది ప్రాణాధారం. మన జేబులోని ఫోను, బండిలోని బ్రేకు, ఆసుపత్రిలో మందు ఎక్కించే పంపు, ఇవన్నీ అంతరాయాలను వేళకు అందుకోవడం మీదనే బతుకుతున్నాయి. ఈ విద్య మన దేశంలో వేళ్ళూనడంలో డెల్టాలోని ఒక పల్లెటూరివాడి చేయి ఉంది. ఆయన పేరు హైదరాబాదులో ఒక కాలనీకి మిగిలింది. ఆయన పని మాత్రం చాలామంది మరిచిపోయారు. ఆ రెండు కథలనూ కలిపి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

*

ముందుగా అంతరాయం అంటే ఏమిటో చూద్దాం. పది తూములున్న కాలువకు ఒక్కడే లస్కరు ఉన్నాడనుకోండి. అతనికి రెండు దారులున్నాయి. గంటకొకసారి పది తూములనూ చుట్టివచ్చి నీటిమట్టం చూసుకోవడం మొదటి దారి. ఒక్కో తూము దగ్గర ఒక కుర్రవాణ్ణి నిలబెట్టి, నీరు గీత దాటగానే ఈల వెయ్యమని చెప్పి, తాను గట్టుకు మట్టి వేసుకుంటూ ఉండడం రెండవ దారి. మొదటి దారిలో నడకకే పొద్దు గడిచిపోతుంది. పైగా అతను పదవ తూము దగ్గర ఉండగా మొదటి తూము దగ్గర గండి పడవచ్చు. రెండవ దారిలో పని సాగుతూనే ఉంటుంది, కబురు వెంటనే అందుతుంది. ఈ ఈలే అంతరాయం.

అయితే ఈల విన్న లస్కరుకు కొత్త చిక్కులు వస్తాయి. చేతిలో పార ఉంది, సగం తవ్విన గుంట ఉంది. పరుగెత్తేముందు పార ఎక్కడ పెట్టాడో, గుంట ఎంత లోతు వచ్చిందో గుర్తుపెట్టుకోవాలి. దారిలో ఉండగా ఇంకో ఈల వినిపిస్తే ఎటు వెళ్ళాలో తేల్చుకోవాలి. పని ముగించుకొని వచ్చాక, అసలేమీ జరగనట్టే, ఆగిన చోటినుంచే తవ్వకం సాగించాలి. యంత్రం చేసేది కూడా ఇదే. ప్రాసెసర్ తాను అమలు చేస్తున్న ఆదేశం పూర్తికాగానే, తరువాతి ఆదేశపు చిరునామాను ఒకచోట దాచి, అంతరాయాన్ని అందుకునే చిన్న ప్రోగ్రాముకు వెళుతుంది. రిజిస్టర్లలో ఉన్న అంకెలను ఆ ప్రోగ్రాము భద్రపరిచి, పని చేసి, తిరిగి యథాస్థానంలో పెట్టి వెనక్కి వస్తుంది. ఆగిపోయిన ప్రోగ్రాముకు తాను ఆగినట్టే తెలియకూడదు. ఈ షరతులోనే అసలు కష్టమంతా ఉంది.

*

1950ల తొలినాళ్ళ కంప్యూటర్లకు ఈ బాధ లేదు. లెక్క ఇస్తే చేసేవి, అయిపోతే ఆగేవి. బయటి ప్రపంచంతో పొత్తు కుదుర్చుకోవలసి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది. 1954లో అమెరికా ప్రమాణాల సంస్థ నిర్మించిన డిసియాక్ అనే యంత్రంలో బయటి పరికరాలు ప్రోగ్రామును ఆపగలిగే ఏర్పాటు కనిపిస్తుంది. తరువాత యూనివాక్ 1103ఎ వచ్చింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ దగ్గర విమానాల పరిశోధనాలయంలో ఒక గాలి సొరంగం ఉండేది. ప్రయోగం సాగినంతసేపూ దాని కొలతలను అప్పటికప్పుడు లెక్కకట్టాలి. కానీ అంత ఖరీదైన యంత్రాన్ని ప్రయోగం కోసం కాచుకొని ఊరకే కూర్చోబెట్టడం ఎవరికీ మనస్కరించదు. కాబట్టి మామూలు లెక్కలు చేస్తూ ఉండు, సొరంగం పిలిస్తే వాటిని పక్కన పెట్టి అక్కడికి వెళ్ళు, ముగిశాక మళ్ళీ రా అన్నారు. అవసరమే ఆవిష్కరణను కన్నది.

హాలెండులో ఇంకో అందమైన ఘట్టం జరిగింది. ఎక్స్1 అనే యంత్రాన్ని రూపొందిస్తున్న లూప్‌స్ట్రా, స్కాల్టెన్ అనే ఇంజనీర్లు అందులో అంతరాయాన్ని ప్రవేశపెడదామన్నారు. దానికి ప్రోగ్రాములు రాయవలసినవాడు డైక్‌స్ట్రా. తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన ఆ శాస్త్రవేత్త ఈ ప్రతిపాదన విని హడలిపోయాడు, వెంటనే ఒప్పుకోలేదు. ఆయన భయం సహేతుకమైనది. అంతరాయం ఏ క్షణంలో వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి తప్పు జరిగితే, మళ్ళీ అదే క్షణంలో అదే అంతరాయం రాకపోతే ఆ తప్పు కనిపించదు. కనిపించని తప్పును దిద్దేదెలా? చివరికి ఒప్పుకున్నాడు. ఆ అంతరాయాలను ఏ క్షణంలో వచ్చినా చెడకుండా అందుకునే ప్రోగ్రాము రాసి, 1959లో దానిమీదనే డాక్టరేటు పొందాడు. ప్రయత్నించి చూసి బాగుందనుకోవడం ఇక్కడ చాలదని, తర్కంతో నిరూపించుకోవాలని ఆయన జీవితమంతా చెప్పిన మాటకు బీజం ఇక్కడే పడిందనిపిస్తుంది.

*

ఇక మన ఊరికి వద్దాం. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరానికి చేరువలో మోగల్లు అనే ఊరుంది. అల్లూరి సీతారామరాజు పేరుతో ఆ ఊరిని తలుచుకునేవారు చాలామంది. అదే ఊళ్ళో 1914 సెప్టెంబరు 20న అయ్యగారి సాంబశివరావు జన్మించారు. లోకానికి ఆయన ఎ.ఎస్. రావు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, అక్కడే కొంతకాలం పాఠాలు చెప్పి, టాటా వారి ఉపకారవేతనంతో అమెరికా వెళ్ళి స్టాన్‌ఫర్డ్‌లో విద్యుత్ ఇంజనీరింగ్ చదివారు. తిరిగివచ్చి బొంబాయిలో హోమీ భాభా దగ్గర విశ్వకిరణాల పరిశోధనలో చేరారు.

విశ్వకిరణాలకు, మన అంతరాయాలకు సంబంధం ఏమిటని అడగవచ్చు. విశ్వకిరణం చెప్పి రాదు. వచ్చిన రెప్పపాటులో పట్టుకోవాలి, లేకపోతే పోయినట్టే. దాన్ని లెక్కించే ఎలక్ట్రానిక్ పరికరాలు అదనుకు సిద్ధంగా ఉండాలి. ఎప్పుడు వస్తుందో తెలియని సంకేతం కోసం కాచుకొని ఉండడమనే విద్యకు ఇంతకంటే మంచి బడి లేదు.

ఆ విద్యకు అసలు పరీక్ష 1956 ఆగస్టు 4న జరిగింది. ఆ రోజు ట్రాంబేలో అప్సర అనే రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం ఇంగ్లండు నుంచి వచ్చింది. రియాక్టరును కనిపెట్టుకొని ఉండే నియంత్రణ పరికరాలను మాత్రం రావు గారి ఆధ్వర్యంలో మనవాళ్ళే తయారుచేశారు. రియాక్టరులో అన్నిటికంటే పెద్ద అంతరాయం ఒకటుంటుంది. న్యూట్రాన్ల సంఖ్య హద్దు దాటిందంటే మరుక్షణమే చర్య ఆగిపోవాలి. చాలా రియాక్టర్లలో ఆపుచేసే కడ్డీలను విద్యుదయస్కాంతం పైకెత్తి పట్టుకొని ఉంటుంది. ప్రమాద సంకేతం రాగానే విద్యుత్తు తెగుతుంది, కడ్డీలు తమ బరువుకు తామే కిందికి జారిపోతాయి. అంటే యంత్రం ఏమైనా చేయడం వల్ల వచ్చే రక్షణ కాదు ఇది, చేయడం మానివేయడం వల్ల వచ్చే రక్షణ. కరెంటు పోయినా, తీగ తెగినా ఫలితం ఒక్కటే: రియాక్టరు ఆగుతుంది.

1963లో ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని వేసింది. సభ్యుల్లో ఎ.ఎస్. రావు, సూరి భగవంతం, విక్రం సారాభాయి ఉన్నారు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు. ఎలక్ట్రానిక్ పరికరాలను దిగుమతి చేసుకుంటూ కూర్చుంటే లాభం లేదని, దేశంలోనే తయారు చేసుకోవాలని ఆ కమిటీ తేల్చింది. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించారు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మొదలైంది. చర్లపల్లి ప్రాంతంలో వెలసిన ఆ సంస్థకు రావు గారు సారథి అయ్యారు.

*

ట్రాంబేలో రూపొంది ఈ సంస్థ చేతుల మీదుగా బయటికి వచ్చిన కంప్యూటరు టీడీసీ-12. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్న మాటలకు పొట్టి రూపం అది. సంవత్సరం 1969. దాని పదం నిడివి 12 బిట్లు. జీతాల పట్టీలు వేయడానికి కాక, ప్రయోగశాలల్లో జరుగుతున్న పనిని అప్పటికప్పుడు అందుకోవడానికి తలపెట్టిన చిన్న యంత్రం అది. అంటే మన దేశంలో కంప్యూటర్ల చరిత్ర గుమాస్తా బల్ల దగ్గరే పుట్టలేదు. దాని పాయల్లో ఒకటి రియాక్టరు నియంత్రణ గదినుంచి బయలుదేరింది. ఆ పాయకు వేగం కంటే వేళ ముఖ్యం.

వేగం, వేళ ఒకటి కావని ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. రియల్ టైమ్ అంటే చాలా వేగంగా చేయడమని చాలామంది అనుకుంటారు. కాదు, చెప్పిన గడువు లోపల తప్పకుండా చేయడం. రోజుకు తొంభైతొమ్మిది సార్లు రెప్పపాటులో పలికి, నూరోసారి నిద్రపోయే యంత్రం కంటే, నూరుసార్లూ నింపాదిగానైనా గడువులోపల పలికే యంత్రమే మేలు.

అదే 1969 జులై 20న చంద్రుడి మీద ఈ సూత్రానికి సాక్ష్యం దొరికింది. అపోలో 11 దిగుతుండగా దానిలోని కంప్యూటరు 1202 అనే హెచ్చరికను పదేపదే చూపింది. అప్పుడు అవసరం లేని ఒక రాడార్ నుంచి వెల్లువెత్తిన సంకేతాలు యంత్రం సమయంలో కొంత భాగాన్ని మింగేశాయి. పనులన్నీ చేసే వ్యవధి లేదు. హాల్ లానింగ్ రూపొందించిన నిర్వాహక ప్రోగ్రాము ఏ పని ఎంత ముఖ్యమో ముందే తెలిసి ఉన్నది కాబట్టి, ముఖ్యం కానివాటిని విడిచిపెట్టి, దిగడానికి కావలసినవాటిని మళ్ళీ ఆగిన చోటినుంచే ఎత్తుకుంది. అది లస్కరు మూడవ హెచ్చరిక నాడు గట్టు పని వదిలిపెట్టినట్టే ఉంది. ఆ నౌక క్షేమంగా దిగింది.

టీడీసీ పరంపరలో 1974లో 312, 1975లో 16 బిట్ల 316, 1978లో మైక్రోప్రాసెసర్ ఆధారంగా మైక్రో-78 వచ్చాయి. 1971-78 మధ్య సంస్థ అమ్మినవి వంద లోపు. ఎక్కువ భాగం ప్రభుత్వ పరిశోధనాలయాలకు, విశ్వవిద్యాలయాలకు వెళ్ళాయి. ఇవి తక్కువేనని విమర్శించినవారున్నారు. 1980లలో చవక మైక్రోప్రాసెసర్లు, 1984 నాటి కొత్త కంప్యూటర్ విధానం వచ్చాక ఆ యంత్రాలకు కాలం చెల్లింది. యంత్రాలు పోయాయి కాని, వాటిని నిర్మించినప్పుడు చేతికి వచ్చిన నియంత్రణ విద్య పోలేదు.

*

ఇంతలో అంతరాయాలను అందుకునే పద్ధతి ప్రపంచంలో ఎలా మారిందో చూద్దాం. 1965 నాటి పీడీపీ-8 లో పద్ధతి చాలా సాదాసీదా. అంతరాయం రాగానే తిరుగుదారి చిరునామాను జ్ఞాపకశాలలో సున్నా గడిలో రాసి, ఒకటవ గడికి వెళ్ళేది. పిలిచింది ఎవరో తెలియదు కాబట్టి ప్రతి పరికరాన్నీ వరసగా నువ్వేనా, నువ్వేనా అని అడగాలి. ఆ అడిగే లోపల ఇంకో అంతరాయం వస్తే, సున్నా గడిలోని పాత చిరునామా చెరిగిపోయి యంత్రం ఇంటిదారి మరిచిపోతుంది. అందుకని ఒకటి రాగానే తలుపు తనంతట తానే మూసుకునేది. 1970 నాటి పీడీపీ-11 లో చిరునామాలను దొంతరగా పేర్చే పద్ధతి వచ్చింది. కుండల దొంతరలో పైకుండను ముందు తీసినట్టు, చివర వచ్చిన అంతరాయం ముందు ముగుస్తుంది. ఎన్ని వచ్చినా దారులన్నీ భద్రం. పైగా ప్రతి పరికరానికీ తన గుమ్మం తనకుంది, తన హోదా తనకుంది.

కాకినాడ ఇంజనీరింగ్ కళాశాల మొదలుకొని మన ప్రాంతంలో ఎలక్ట్రానిక్స్ చదివినవారందరూ ఈ పాఠాన్ని ఇంటెల్ 8085 మీద నేర్చుకున్నారు. 1976లో వచ్చిన ఆ చిప్పుకు ఐదు అంతరాయ ద్వారాలు: ట్రాప్, 7.5, 6.5, 5.5, ఇంటర్. ప్రాధాన్యం కూడా ఆ వరసలోనే. మిగతా నాలుగింటినీ ప్రోగ్రాము కావాలంటే మూసిపెట్టవచ్చు. ట్రాప్‌ను మూయడం ఎవరి వల్లా కాదు. కరెంటు పోతోందన్న కబురు వంటివి దానికి కడతారు. ఈ సగాల అంకెలు ఎక్కడివో తెలుసా? అంతకుముందున్న సున్నా నుంచి ఏడు వరకు గల పునఃప్రారంభ స్థానాలు ఎనిమిదేసి బైట్ల దూరంలో ఉండేవి. కొత్తవాటిని వాటి మధ్యలో ఇరికించారు. ఇరికించిన చోట నాలుగు బైట్లే ఖాళీ. అంత ఇరుకులో పని చేసేందుకు వీలులేదు, అసలు పని ఉన్న చోటికి దూకమని చెప్పే ఒక్క ఆదేశం మాత్రమే పడుతుంది. తలవని తలంపుగా ఆ ఇరుకు ఒక నీతి నేర్పింది: గుమ్మంలో నిలబడి ముచ్చట్లు పెట్టకు.

ఆ నీతే నేటి రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నిటికీ పునాది. 1980ల నాటి వీఆర్‌టీఎక్స్, వీఎక్స్‌వర్క్స్, 1992 నాటి మైక్రోసీ-ఓఎస్, 2003 నాటి ఫ్రీ ఆర్‌టీఓఎస్, అన్నిటిలోనూ క్రమం ఒకటే. అంతరాయాన్ని అందుకునే ప్రోగ్రాము వచ్చిన కొలతను గబుక్కున తీసుకొని, ఫలానా పనివాణ్ణి నిద్ర లేపమని ఒక చీటీ పెట్టి తప్పుకోవాలి. అసలు పని ఆ నిద్రలేచిన పనివాడు తీరుబడిగా చేస్తాడు. తిరిగి వెళ్ళేటప్పుడు సిస్టమ్ ఒక్క ప్రశ్న వేసుకుంటుంది: ఇప్పుడు సిద్ధంగా ఉన్నవారిలో ఎవరు ముఖ్యులు? ఆగినవాడే ముఖ్యుడైతే అతనికి, లేకపోతే లేచినవాడికి పని అప్పగిస్తుంది. గుమ్మం ఎంత తొందరగా ఖాళీ అయితే తరువాతి కబురు అంత తొందరగా లోపలికి వస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక తిరకాసు మిగిలింది. మన డెల్టా కాలువల్లో పడవలు విస్తారంగా తిరిగిన రోజులను ఊహించుకోండి. గడ్డిపడవ ఒకటి లాకులో ఉంది. వెనుక వరద కబురు మోస్తున్న అధికారి లాంచీ వచ్చి ఆగింది. గడ్డిపడవ దాటితే గాని లాంచీకి దారి లేదు. గడ్డిపడవ సరంగు బయలుదేరబోతుంటే, ఎవరో బియ్యం వ్యాపారులు వచ్చి, మేము నీకంటే పెద్దవాళ్ళం, ముందు మా బస్తాలు దింపు అని అతణ్ణి నిలబెట్టేశారు. లాంచీ కంటే వ్యాపారులు చిన్నవారే. అయినా లాంచీ ఆగిపోయింది. పెద్దవాడు చిన్నవాడి కోసం ఆగడం న్యాయమే, కానీ ఆ చిన్నవాణ్ణి మధ్యవాళ్ళు ఆపితే పెద్దవాడు నిరవధికంగా ఆగినట్టే. దీనికి ప్రాధాన్యం తలకిందులవడమని పేరు.

1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలో సరిగ్గా ఇదే జరిగింది. వాతావరణ కొలతలు తీసే చిన్న పని ఉమ్మడి తాళం పట్టుకొని ఉండగా, మధ్యతరగతి పనులు దాన్ని నిలబెట్టాయి. అన్నిటికంటే ముఖ్యమైన పని గడువు దాటింది. కాపలా గడియారం అది చూసి కంప్యూటరును మొదటినుంచి తిరిగి ప్రారంభించింది. మళ్ళీ మళ్ళీ ఇదే జరిగింది. భూమి మీద ఉన్న నమూనాలో ఇంజనీర్లు అదే పరిస్థితిని సృష్టించి కారణం పట్టుకున్నారు. పరిష్కారం అప్పటికే ఉంది. షా, రాజ్‌కుమార్, లెహోస్కీ 1990లో దాన్ని శాస్త్రీయంగా నిరూపించి ప్రచురించారు: లాకులో ఉన్నంతసేపూ గడ్డిపడవకు లాంచీ జెండా కట్టు. అప్పుడు మధ్యవాళ్ళు దానిని ఆపలేరు. బయటపడగానే జెండా తీసెయ్. వీఎక్స్‌వర్క్స్‌లో ఆ ఏర్పాటు అప్పటికే ఉంది, ఆ తాళానికి మాత్రం దాన్ని వాడలేదు. భూమినుంచి పంపిన చిన్న మార్పుతో సమస్య తీరింది.

*

ఇంత చెప్పాక ఒక మాట మరువరాదు. అణు రియాక్టర్ల రక్షణ వ్యవస్థల ప్రోగ్రాములలో అంతరాయాలను వీలైనంత తగ్గించి, పది తూములనూ వరసగా చుట్టివచ్చే పాత లస్కరు పద్ధతినే నేటికీ ఆశ్రయిస్తారు. చుట్టు ఎంతసేపు పడుతుందో కచ్చితంగా లెక్కకట్టవచ్చు, నిరూపించవచ్చు. డైక్‌స్ట్రా భయం తీరిపోలేదన్నమాట, తన చోటు తాను చూసుకుంది. ఎప్పుడు ఆగాలో తెలియడం ఎంత విద్యో, ఎక్కడ అసలు ఆగకూడదో తెలియడం కూడా అంత విద్యే.

ఎ.ఎస్. రావు 2003లో కాలం చేశారు. హైదరాబాదులో ఆయన పేరుతో ఉన్న కాలనీలో రోజూ వేలమంది బస్సు ఎక్కుతారు, దిగుతారు. ఆ పేరు ఎవరిదని అడిగేవారు తక్కువ. కానీ మోగల్లు చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గరికి అర్ధరాత్రి వెళ్ళి చూడండి. నీటిలో ప్రాణవాయువు నింపే చక్రాలు తిరుగుతూ ఉంటాయి. కరెంటు పోయి చక్రాలు ఆగితే కొద్ది గంటల్లోనే చెరువు మొత్తం నాశనమవుతుంది, రైతు అప్పుల పాలవుతాడు. అందుకని అలాంటి చెరువుల గట్టున చిన్న పెట్టెలు పెడుతున్నారు. లోపల ఒక చౌక చిప్పు. కరెంటు ఉన్నదా లేదా అని చూసే తీగ ఒకటి దాని అంతరాయ ద్వారానికి కలిపి ఉంటుంది. తీగలో కరెంటు పోగానే చిప్పు చేస్తున్న పని ఆపి, రైతు ఫోను మోగిస్తుంది. అతను లేచి జనరేటరు వేస్తాడు, చక్రాలు తిరుగుతాయి, చిప్పు ఆగిన పనిని మళ్ళీ ఆగిన చోటినుంచి ఎత్తుకుంటుంది.